మోకాలి మార్పిడి తర్వాత కాలు పూర్తిగా చాపుకోలేకపోతే: పెరంబూరు నుంచి ఒక కేస్ స్టడీ

మోకాలి కీలు మార్పిడి అయిన ఇంటికి చూడ్డానికి ఎవరొచ్చినా అడిగే మాట ఒకటే: "ఎంత వంగుతోంది?" తొంభై డిగ్రీలు వచ్చిందా, నూరు దాటిందా అని లెక్కలు కూడా తీస్తారు. కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా అని అడిగే చుట్టాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. చెన్నైలో ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయించడం నా వృత్తి. ఆపరేషన్ చక్కగా జరిగి, కుట్లు మాని, ఎక్స్‌రే బాగుండి, అయినా కుంటుతూనే ఉన్నవాళ్ళు నన్ను పిలుస్తుంటారు. వాళ్ళను పడుకోబెట్టి చూస్తే చాలామందికి మోకాలు వంగడం బాగానే వంగుతుంది. పరుపుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య మాత్రం అరచెయ్యి దూరేంత సందు ఉంటుంది. ఆ సందు ఎలా వస్తుంది, ఎప్పుడు పట్టుకుంటే పోతుంది అన్నది ఈ కేసులో స్పష్టంగా కనిపించింది కాబట్టి కుటుంబం అనుమతితో రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆవిడ, ఆవిడ మోకాళ్ళు

వయసు 66. సొంతూరు నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. భర్త పోయాక పెరంబూరులో కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నారు. కొడుకుది రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగం. ఇల్లు పాత కట్టడంలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. షుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. నేను మొదట చూసింది జూన్‌లో. అప్పటికి ఆవిడ తనంతట తాను మెట్లు దిగడం మానేశారు. ఆస్పత్రికి వెళ్ళాల్సొస్తే కొడుకు ముందు, మనవడు వెనక పట్టుకుని దింపేవాళ్ళు. రాత్రి పక్క మీద ఒత్తిగిలినా నొప్పికి మెలకువ వచ్చేది. "కాళ్ళుండాయి గానీ నావి కావమ్మాయ్" అన్నారు.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో రెండు మోకాళ్ళ లోపలి వైపూ సందు కరిగిపోయి, కుడివైపు ఎముక ఎముకను ఆనుకుని ఉంది. మనవాళ్ళు గుజ్జు అరిగిపోయిందనేది దీన్నే. లోపలి వైపు మాత్రమే అరగడం వల్ల కాళ్ళు దొడ్డికాళ్ళయ్యాయి. కీలు వంపును కొలిచే గోనియోమీటర్ పెట్టి కొలిస్తే కుడి మోకాలు 105 డిగ్రీల వరకూ వంగింది, చాపడంలో 15 డిగ్రీల లోటు ఉంది. అంటే ఎంత ప్రయత్నించినా 15 డిగ్రీల వంపు మిగిలిపోయేది. ఎడమ మోకాలికి ఆ లోటు 5 డిగ్రీలే. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవడానికి 24 సెకన్లు పట్టింది. పరీక్ష సులువైనదే అయినా మనిషి ఇంట్లో ఎంత భద్రంగా తిరగగలరో దీంతో బాగా తెలుస్తుంది. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం గురించి ఆలోచించాలి.

కుడి మోకాలు మార్చాలన్న సర్జన్ నిర్ణయంలో నాకు సందేహం ఏమీ లేదు. అయితే ఆయన వెంటనే చేయనన్నారు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9 ఉంది. హిమోగ్లోబిన్ 10.2. కింది దవడలో ఒక పన్ను పుచ్చి చీము పట్టింది. కాలి వేళ్ళ సందులు తడికి పాసి ఉన్నాయి. పైగా అంతకు కొన్ని వారాల ముందే నెల్లూరులో ఆ మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నారు. ఆ ఇంజెక్షన్ తర్వాత మూడు నెలలు గడవకుండా కీలు మారిస్తే లోపల ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మార్చిన కీలులో చీము పట్టిందంటే మళ్ళీ తెరిచి కడగాలి, ఒక్కోసారి ఆ కీలునే తీసేయాలి. పంటి చీము, వేళ్ళ సందు పుండు, అదుపులో లేని షుగరు అన్నీ ఆ ప్రమాదానికే దారులు.

ఇంట్లో వాళ్ళకిది రుచించలేదు. సెలవు పెట్టుకున్న కొడుకు వేరే ఆస్పత్రిలో వచ్చేవారమే చేస్తామంటున్నారని చెప్పాడు. వద్దని గట్టిగా చెప్పాను. ఎక్కడ చేయించుకున్నా షుగరూ పన్నూ పుండూ ఆవిడతోపాటే వస్తాయి. అదీగాక మూడు నెలల గడువు దొరికిందంటే ఫిజియోకి అంతకన్నా కావలసింది లేదు.

ఇంకొక విషయం కూడా అప్పుడే బయటపడింది. వాడే మందులన్నీ ముందు పెట్టమంటే, మందుల చీటీలో లేని ఒక పొడి పొట్లం వచ్చింది. కీళ్ళనొప్పులకని ఊళ్ళో ఎవరో ఇచ్చారు. పేరు లేదు, చీటీ లేదు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపినవి దొరికిన సందర్భాలు మన దేశంలో చాలా ఉన్నాయి. అలాంటిది ఏళ్ళ తరబడి తిని ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే, మత్తు డాక్టర్‌కి చెప్పకపోయినా ప్రమాదమే. పొట్లాన్ని అలాగే తీసుకెళ్ళి సర్జన్‌కి, మత్తు డాక్టర్‌కి చూపించమన్నాను, చూపించారు. ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న ఇంట్లో ఎవరైనా ఇది చదువుతుంటే, అమ్మ తలగడ కింద ఏ పొట్లం ఉందో ఒకసారి అడగండి.

మూడు నెలల గడువులో చేసినవి

పన్ను తీయించారు. పాదాలకు మందు రాసి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోవడం అలవాటైంది. ఐరన్ ఇచ్చారు. సెప్టెంబరుకి హిమోగ్లోబిన్ 11.8కి, హెచ్‌బీఏ1సీ 7.3కి వచ్చాయి. షుగరు తగ్గింది మందు మార్చినందుకే కాదు, కోడలు రాత్రిపూట అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచింది. కండ నిలబడాలంటే మాంసకృత్తులు కావాలి, అది ఆపరేషన్‌కి ముందూ అవసరమే, తర్వాతా అవసరమే.

నా పని తొడ ముందు కండరం మీద. మోకాలిని చాపేది అదే. మార్పిడి జరిగిన మొదటి నెలలో ఆ కండరం బలం ముందున్న దానిలో సగానికి పైగా పోతుంది. కోత వల్ల, వాపు వల్ల మెదడే ఆ కండరాన్ని పూర్తిగా పనిచేయనివ్వదు. ఆపరేషన్‌కి ముందు దాచుకున్న బలం ఎంతో, ఆ తర్వాత చేతిలో మిగిలేది దాన్ని బట్టే ఉంటుంది. అందుకని రోజూ మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి అదిమి పట్టడం, కాలు నిటారుగా ఎత్తడం, ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించి లేవడం చేయించాను. కుర్చీ చేతుల మీద బరువు మోపి ఒంటిని పైకి లేపడం కూడా నేర్పాను, ఎందుకంటే వాకర్‌తో నడిచే రోజుల్లో బరువు మోసేవి భుజాలే. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి కాలు చాపి ఉంచడం అప్పుడే మొదలుపెట్టించాను. ఏళ్ళనాటి 15 డిగ్రీల లోటు వ్యాయామంతో పోదు, దాన్ని సర్జన్ టేబుల్ మీదే సరిచేయాలి. కానీ మోకాలి వెనక కండరాలు ఆ సాగుదలకు అలవాటుపడి ఉంటే ఆపరేషన్ తర్వాత పోరు తగ్గుతుంది.

వాకర్ ముందే కొనిపించాను. ఆపరేషన్ అయ్యి, నొప్పి మందుల మత్తులో, వాంతి వస్తుంటే, జీవితంలో మొదటిసారి వాకర్ పట్టుకోవడం కన్నా ఇంట్లో నెల ముందు పట్టుకోవడం ఎంతో మేలు. మెట్లు కూడా అప్పుడే నేర్పాను: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కుట్ల కాలు ముందు. ఆవిడ దాన్ని పాటలా అనుకుంటూ ఉండేవారు.

కొడుకు ప్రశ్నలన్నీ కీలు గురించే. ఫారిన్‌ది మంచిదా, బంగారు రంగుది మంచిదా, రోబో చేస్తే మంచిదా. ధరల విషయంలో ఒకటి తెలిసి ఉండాలి. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధరలు కట్టింది. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం కీలుకు జీఎస్టీ కాక 54,720 రూపాయలు, టైటానియం వంటి ప్రత్యేక లోహాల రకానికి 76,600 అప్పటి పరిమితి. తర్వాత ఆ అంకెలు కాస్త మారాయి గానీ బిల్లులో కీలు ధర విడిగా చూపించమని అడిగే హక్కు మీకుంది. ఎన్నేళ్ళు వస్తుందని అడిగారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం 25 ఏళ్ళ తర్వాత కూడా నిలిచి ఉన్నాయి. 66 ఏళ్ళ మనిషికి అది ధైర్యం చెప్పే మాట. సర్జన్ చెయ్యి ఏ కీలుకు అలవాటుపడిందో అది వేయించుకుని, కంగారుపడే ఓపికను ఇల్లు సర్దడం మీద పెట్టమన్నాను.

ఇల్లు సర్దడానికి ఒక ఆదివారం పట్టింది. మంచం మరీ కిందికి ఉంటే కాళ్ళ కింద చెక్క దిమ్మలు వేశారు. ఆవిడ ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తీసేసి, చేతులున్న ఎత్తు కుర్చీ పెట్టారు. కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు బిగించారు. స్నానాలగది గడప దగ్గర చేతికి పట్టు కావాలి, అక్కడ గోడకి స్టీలు కడ్డీ వేయించారు. కాలిపట్టాలన్నీ చుట్టి అటక మీద పడేశారు. దేవుడి పటాలు నేల మీద పీట దగ్గర ఉండేవి, వాటిని బల్ల మీదికి ఎక్కించడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. దేవుణ్ణి కదిలించకూడదన్నారు. చివరికి కోడలే, "అత్తయ్యా, మీరు మంచిరోజు చెప్పండి, ఆ రోజే ఎక్కిద్దాం" అంది. శుక్రవారం ఎక్కించారు. కత్తిపీట బదులు బల్ల మీద కత్తి, చెక్క. నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఇక లేవని ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. తర్వాత తెలిస్తే మోసం చేశారనిపిస్తుంది.

ఆస్పత్రి

వినాయకచవితి దాటిన పది రోజులకు ఆపరేషన్ అయింది. నడుముకి మత్తు, నొప్పి తెలియకుండా తొడలో నరానికి బ్లాక్ ఇంజెక్షన్. ఆ సాయంత్రమే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేశారు. మత్తులో ఉండగా కాలు పూర్తిగా చాపుకుందని, వంకర సరిచేశామని సర్జన్ చెప్పారు. ఆ మాట నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే తర్వాత ఎప్పుడు లోటు కనిపించినా అది లోహానిది కాదని, వాపుదీ కండరాలదీ అని తెలుస్తుంది. మూడో రోజు మెట్లు ఎక్కి దిగారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. అప్పటి కొలత: వంగడం 80, చాపడంలో లోటు 5.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో, వ్యాయామాల కాగితం తమిళంలో ఇచ్చారు. ఆవిడ చదవగలిగేది తెలుగు ఒక్కటే. కొడుకు తమిళం మాట్లాడతాడే గానీ చదవలేడు. నేను పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి మంచం ఎదురుగా గోడకి అంటించాను. పైన వ్యాయామాలు, కింద వెంటనే ఫోన్ చేయాల్సిన గుర్తులు: పిక్కలో కొత్తగా పుట్టిన నొప్పి, ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, కుట్ల నుంచి కారడం, చలితో జ్వరం. చెన్నైలో, బెంగళూరులో ఆపరేషన్‌కి వచ్చే తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో చూస్తే, ఆస్పత్రులు తెలుగు కాగితం ఒకటి అచ్చువేయించడం పెద్ద కష్టం కాదు.

లోటు ఎలా పెరిగింది

మొదటి వారంలోనే ఒక భయం. తొడ నుంచి చీలమండ దాకా నీలంగా కమిలిపోయింది, పిక్క బిగుసుకుంది. కమిలిన రక్తం బరువుకి కిందికి జారడం మామూలే. పిక్క నొక్కితే నొప్పి అన్నప్పుడు మాత్రం ఊహ మీద వదలకూడదు. సర్జన్‌కి ఫోన్ చేస్తే అదే రోజు రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్ తీయించారు. రక్తం గడ్డ లేదు. రక్తం పలచబరిచే మందు చెప్పినన్ని రోజులూ వాడారు.

ఆ తర్వాత కొలతలు రెండు దారులు పట్టాయి. పదో రోజుకి వంగడం 88, లోటు 8. రెండు వారాలకు స్టేపుల్స్ తీశారు. మూడో వారం మధ్యలో వంగడం 95, లోటు 14. ఇంట్లో అందరూ 95 గురించి సంతోషపడుతున్నారు. దసరా రోజులు కావడంతో బొమ్మల కొలువుకి పిలిచినవాళ్ళూ, చూడ్డానికి వచ్చినవాళ్ళూ ఆవిడ చేత కాలు వంచి చూపించమంటున్నారు. నాకు మాత్రం ఆ 14 నిద్ర పట్టనివ్వలేదు. ఆపరేషన్‌కి ముందున్న లోటు దగ్గరికే కాలు తిరిగి వెళ్తోంది.

పగలు వ్యాయామం సరిగ్గానే చేస్తున్నారు. అందుకని రాత్రి ఎలా పడుకుంటున్నారని అడిగాను. కోడలు లోపలికి వెళ్ళి లావుపాటి బూరుగుదూది దిండు తెచ్చి, దాన్ని మోకాలి కింద ఎలా పెడుతున్నారో చూపించింది. తిరువొత్తియూరులో ఉండే ఆవిడ చెల్లెలు చెప్పిందట, తనకి ఆస్పత్రిలో దిండు పెట్టుకోమనే చెప్పారని. చెల్లెలు అబద్ధం చెప్పలేదు. ఆమెకు మార్చింది తుంటి. తుంటి మార్పిడి తర్వాత, ముఖ్యంగా వెనక వైపు నుంచి కోసి చేసినప్పుడు, కాళ్ళు ఒకదాని మీదొకటి పడి కొత్త కీలు జారిపోకుండా రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టిస్తారు. తుంటి దగ్గర 90 డిగ్రీలు దాటి వంగకూడదని చెప్పేదీ వాళ్ళకే. ఆ జాగ్రత్తలు మోకాలికి వర్తించవు. అక్కాచెల్లెళ్ళ మధ్య కాళ్ళ నడుమ ఉండాల్సిన దిండు మోకాలి కిందికి వచ్చింది. అక్కడ సుఖంగా అనిపించింది కాబట్టి అక్కడే ఉండిపోయింది.

ఆ సుఖానికి కారణం ఉంది. వాచిన మోకాలు లోపల నీటితో ఉబ్బి ఉంటుంది. సుమారు 30 డిగ్రీలు వంచి ఉంచినప్పుడు కీలు చుట్టూ ఉన్న పొరకు అన్నిటికన్నా ఎక్కువ చోటు దొరుకుతుంది, లోపలి ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. రాత్రికి ఏడెనిమిది గంటలు కాలు ఆ వంపులోనే ఉంటే మోకాలి వెనక కండరాలూ పొరా ఆ పొడవుకే కుదించుకుపోతాయి. పగలు గంటసేపు చేసిన వ్యాయామం ఆ ఎనిమిది గంటల ముందు నిలబడదు.

చాపడంలో లోటు ఉంటే ఏమవుతుందో ఇంట్లో వాళ్ళకి నిలబెట్టి చూపించాను. "మోకాళ్ళు కాస్త వంచి అలాగే నిలబడండి" అన్నాను. కొడుకు నిమిషం తిరక్కముందే తొడలు లాగుతున్నాయన్నాడు. మోకాలు నిటారుగా ఉన్నప్పుడు నిలబడ్డానికి తొడ కండరం పెద్దగా కష్టపడక్కర్లేదు, కొద్దిగా వంగి ఉంటే క్షణం కూడా వదలకుండా మోయాలి. ఆవిడ కండరానికి అప్పుడున్నది సగం బలం కూడా కాదు. ఆ కాలు పొట్టిదైనట్టు కుంటి నడక వస్తుంది, నడుము నొప్పి మొదలవుతుంది, అప్పటికే అరిగిన ఎడమ మోకాలి మీద బరువు ఇంకా పెరుగుతుంది. 95 డిగ్రీలు వంగినందువల్ల కుర్చీలో కూర్చోగలరు, మెట్లు ఎక్కగలరు. వంగడం 95 నుంచి 110కి పెరగడానికి నెలలు పట్టినా ఏమీ కాదు. చాపడం మాత్రం మొదటి ఆరు వారాల్లో దక్కించుకోకపోతే తర్వాత మచ్చ గట్టిపడి రావడం చాలా కష్టం. వంగని మోకాలిని మత్తు ఇచ్చి వంచే పద్ధతి ఉంది. చాపడంలో లోటుకు దానివల్ల ఒరిగేది తక్కువ.

కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తగారికి నిద్ర పట్టాలని రాత్రి రెండుసార్లు లేచి ఆ దిండు సరిచేసింది ఆ అమ్మాయే. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే మార్చుకోవడం ఎంతసేపని చెప్పాను, నిజంగానే అలా అనుకునే చెప్పాను.

తిరిగి రాబట్టడం

మొదట సర్జన్‌కి చూపించాం. కుట్లు పొడిగా ఉన్నాయి, జ్వరం లేదు, ఎక్స్‌రేలో కీలు సరిగ్గా కూర్చుంది. ఇన్ఫెక్షన్ గానీ లోపల గడ్డకట్టిన రక్తం గానీ లేదని తేలాకే గట్టిగా పనిచేయించడం మొదలుపెట్టాను. అలా చూపించకుండా బలవంతంగా సాగదీయడం తప్పు.

మాత్రల సంగతి అప్పుడు తెలిసింది. నొప్పి మాత్రలు కిడ్నీలు పాడుచేస్తాయని ఎవరో అంటే రెండో వారంలోనే ఆవిడ మానేశారు. నొప్పితో ఉన్న కాలు బిగబట్టుకుంటుంది, బిగబట్టుకున్న కాలు చాపుకోదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, కిడ్నీకి ఇబ్బంది లేనివే సర్జన్ రాశారు. మళ్ళీ మొదలుపెట్టించి, వ్యాయామానికి అరగంట ముక్కాలుగంట ముందు వేసుకునేలా వేళ కుదిర్చాం.

ఇక అసలు పని. తువ్వాలు గట్టిగా చుట్టి మడమ కింద పెట్టి, మోకాలు గాల్లో ఉండేలా కాలు చాపి పడుకోవడం. మొదట ఐదు నిమిషాలకే "చాలమ్మాయ్, ప్రాణం పోతా ఉండాది" అనేవారు. వారంలో పది నిమిషాలకు, తర్వాత పదిహేనుకు వచ్చింది, రోజుకు నాలుగైదుసార్లు. కూర్చున్నప్పుడు మడమ ఎదుటి కుర్చీ మీద, మోకాలి కింద ఏమీ లేకుండా. ఆ సాగుదలలోనే తొడ బిగించి మోకాలిని కిందికి అదమడం. చిప్పను వేళ్ళతో పైకీ కిందికీ, పక్కలకూ కదపడం కోడలికి నేర్పాను. ముందు మడమ ఆనించి, ఆ కాలి మీద బరువు పడేసరికి మోకాలు నిటారు కావాలి, నడకలో ఇదొక్కటే గమనించమన్నాను. బోర్లా పడుకుని కాలు మంచం అంచున వేలాడదీసే పద్ధతి కూడా ఉంది. ఆవిడ ఒంటికి, ఎడమ మోకాలికి అది పడదని వదిలేశాను.

దిండు పూర్తిగా తీసేయలేదు. వాపు తగ్గాలంటే కాలు ఎత్తులో ఉండాలి. అదే దిండును నిలువుగా తిప్పి, పిక్క నుంచి మడమ దాకా కిందికి వచ్చేలా, మోకాలు నిటారుగా ఉండేలా పెట్టించాను. గుడ్డలో చుట్టిన ఐస్ ఇరవై నిమిషాలు.

మొదటి మూడు రాత్రులు ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. నాలుగో రోజు నా మీద కోపంతో మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే. నెలల తరబడి నొప్పి పడి, ఆపరేషన్ నొప్పి పడి, హాయిగా ఉన్న ఒక్క భంగిమనీ లాక్కుంటే ఎవరికైనా వస్తుంది. అప్పుడు బుజ్జగించడం కన్నా కొలత చూపించడమే పనిచేసింది. గోనియోమీటర్ అంకెలు ఆవిడకు అర్థం కావు. అందుకని మోకాలి వెనక సందులో కోడలి వేళ్ళు ఎన్ని దూరుతున్నాయో గోడ మీద రాయించాను. నాలుగు వేళ్ళతో మొదలైంది. మూడయ్యాక ఆవిడే అడగడం మొదలుపెట్టారు, "ఈ పొద్దు ఎన్ని వేళ్ళు?" అని.

నాలుగో వారానికి లోటు 9. దీపావళి ఆరో వారం దాటాక వచ్చింది, అప్పటికి లోటు 5, వంగడం 108. వాకర్ పోయి ఎడమ చేతిలో కర్ర వచ్చింది. కర్ర ఆపరేషన్ కాలి వైపు చేత్తో పట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. ఎదుటి చేత్తో పట్టుకుంటేనే బరువు పంచుకుంటుంది. అప్పటికి ఈశాన్య రుతుపవనాలు వచ్చేశాయి. పెరంబూరు వీధుల్లో నీళ్ళు, బురద, మూత లేని కాలువలు. నడక బయటికి వద్దని, అంతస్తు వరండాలోనే అటూ ఇటూ తిప్పాం. మెట్లు మాత్రం రోజూ ఎక్కించాం. లిఫ్టు లేకపోవడం ఆ రెండు నెలల్లో ఆవిడకు మేలే చేసింది.

మూడు నెలల తర్వాత

డిసెంబరు చివరి కొలతలు: వంగడం 115, చాపడంలో లోటు 2. పరుపుకీ మోకాలికీ మధ్య వేలు దూరదు. కుర్చీ నుంచి లేచి నడిచి తిరిగొచ్చే పరీక్ష 13 సెకన్లు. మెట్లు ఒక కాలు తర్వాత ఒక కాలుగా ఎక్కుతున్నారు, దిగేటప్పుడు కడ్డీ పట్టుకుంటున్నారు. సంక్రాంతికి రైల్లో నెల్లూరు వెళ్ళొచ్చారు.

అన్నీ బాగున్నాయని రాస్తే చదివేవాళ్ళు తప్పుదారి పడతారు. కోతకు బయటి వైపు అరచేతి వెడల్పున చర్మం మొద్దుబారి ఉంది. అక్కడికి వెళ్ళే సన్నటి నరపు కొమ్మ కోతలో తెగుతుంది, ఆ మొద్దు కొంత మిగిలిపోవచ్చు. సాయంత్రానికి మోకాలు వెచ్చగా ఉంటుంది, అది ఆరు నెలలు పైగా కూడా ఉండొచ్చు. లోపల టిక్కుమని శబ్దం వస్తుంది. లోహం, ప్లాస్టిక్ తగలడమే అది, దానికి భయపడక్కర్లేదు. మోకాళ్ళ మీద కూర్చోలేరు. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరు పూర్తి తృప్తితో ఉండరని చాలాకాలంగా తెలిసిందే. ఆవిడ తృప్తిగానే ఉన్నారు, ఒక్క విషయంలో తప్ప. అలిపిరి నుంచి కొండకి నడవాలని మొక్కుకున్నారు. 3,550 మెట్లు, ఎడమ మోకాలు అరిగి ఉండగా వద్దని నేనూ సర్జనూ ఒకే మాట చెప్పాం. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోమన్నాను. ఇంకా నాతో వాదిస్తూనే ఉన్నారు.

ఇకముందు పన్ను తీయించుకున్నా, చిన్న ఆపరేషన్ చేయించుకున్నా, లోపల కీలు ఉందని ముందే డాక్టర్‌కి చెప్పాలని ఆవిడ పర్సులో తెలుగులో, ఇంగ్లీషులో చీటీ రాసి పెట్టాం.

ఎడమ మోకాలు మార్చాలా అన్నది ఇప్పటికి తేలలేదు. కుడి కాలు నిటారయ్యాక ఎడమవైపు నొప్పి తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది. ఎక్స్‌రేలో అరుగుదల ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేయనక్కర్లేదని సర్జన్ అన్నారు, నా అభిప్రాయమూ అదే. ఏప్రిల్‌లో నిలబెట్టి మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, హెచ్‌బీఏ1సీ కూడా అప్పుడే చూస్తారు. ఈలోగా ఎడమ మడమ కింద కూడా తువ్వాలు పెట్టమన్నాను, ఆ 5 డిగ్రీల లోటు పెరగకుండా.